పొయ్యి వెలిగించని పూట

*పచ్చి తిండికి మళ్లుతున్నవాళ్ల సంచుల్లో చియా, అవకాడో, జుకినీ కనిపిస్తున్నాయి. వాటికంటే ముందు పలకరించాల్సినవి మన పెసల డబ్బాలో, దొడ్లో, గోదావరి లంకల్లో ఉన్నాయి. పచ్చిగా నోట్లో పెట్టకూడనివీ వాటి పక్కనే ఉన్నాయి.*

రాజమండ్రిలో మా అన్నయ్య వాళ్లింట్లో పొద్దున్నే ఇప్పుడు కుక్కరు కూత వినపడటం లేదు. వంటింటి కిటికీ ఊచకు పాత మల్లుగుడ్డ మూట ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆరు కాగానే మా వదిన దాన్ని దించి ముడి విప్పుతుంది. అది అంత తేలిగ్గా విడిపోదు. రాత్రికి రాత్రి పెసల మొలకలు గుడ్డ నేతలోంచి బయటికి పొడుచుకొచ్చి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అరటిపండు తొక్క ఒలిచినట్టు నెమ్మదిగా లాగితే చిటచిటమని సన్నటి చప్పుడు. తెల్లటి తోకలు, సగం జారిన ఆకుపచ్చ పొట్టు. వదిన ఒక గుప్పెడు తీసి ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. అప్పుడే విరిచిన చిక్కుడుకాయ వాసన రావాలి. పులిసిన వాసన వచ్చినా, వేళ్లకు జిగురు తగిలినా మూట మొత్తం మొక్కల కుండీలోకే వెళ్తుంది.

తరవాత సొరకాయ. తొడిమ దగ్గర గోరంత ముక్క కోసి, నాలిక కొసన పెట్టుకుని, ఒక క్షణం ఆగి, ఉమ్మేసి, అప్పుడు చెక్కు తీయడం మొదలుపెడుతుంది.

"ఏంటమ్మాయ్ ఇది? సొరకాయ పులుసు పెట్టుకుంటారు, పాలు పోసి కూర వండుకుంటారు. పచ్చిగా ఎవరైనా తింటారా?" అంటుంది మా అమ్మ, కుర్చీలో కూర్చుని.

"దోసకాయ పచ్చిగా తింటాం కదా అత్తయ్యా. ఇదీ దాని చుట్టమే" అంటుంది వదిన, కోరాం మీద నుంచి చెయ్యి తీయకుండా.

నేను వెళ్లిన వారం రోజులూ ఆ ఇంట్లో ఈ మాటలు రోజుకోసారి వినపడ్డాయి. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పచ్చి తిండి గురించి రాయాలని కూర్చున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ సొరకాయ ముక్కే.

ఎందుకింత మాట

ఈమధ్య ఏ ఫోను తెరిచినా ఎవరో ఒకరు గ్యాసు పొయ్యి ముందు నిలబడి, ఇక దీంతో పని లేదంటున్నారు. పొయ్యి ముట్టించకుండా నలభై రోజులు, నూనె చుక్క లేకుండా మూడు నెలలు అంటూ వీడియోలు. నగరాల్లో వాకింగుకు వెళ్లే పార్కుల గేట్ల దగ్గర బండ్లు ఇంకా చీకటుండగానే వచ్చి నిలబడుతున్నాయి. బూడిద గుమ్మడి రసం, ఉసిరి రసం, గోధుమగడ్డి రసం, మొలకల పొట్లాలు. నడక ముగించినవాళ్లు అక్కడే ఒక గ్లాసు తాగి, ఒక పొట్లం పట్టుకుని ఇంటికి వెళ్తున్నారు.

ఈ మాటకు ఇంత ఊపు రావడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. షుగరు లేని ఇల్లు లేదు. బీపీ బిళ్లలు, కొవ్వు బిళ్లలు ఉప్పు కారం డబ్బాల పక్కన చేరాయి. మన కంచంలో తెల్లన్నం వాటా పెద్దది, కూర వాటా చిన్నది, ఆ కూరలోనూ నూనె తేలుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, మరో 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది. అరకిలో అన్నమాట. నలుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు. అన్నంలోకి రెండు గరిటెల కూరతో ఆ లెక్క చేరుకోవడం కష్టం. పచ్చి తిండికి మారినవాళ్లకు మొదటి నెలల్లో ఒళ్లు తేలికపడినట్టు అనిపించడంలో పెద్ద భాగం ఇదేనని నా నమ్మకం. నిప్పు మానేసినందుకు కాదు. నూనె, ఉప్పు, పంచదార, మైదా తగ్గి కూర, పండు పెరిగినందుకు.

కచ్చితంగా పాటించేవాళ్ల నియమం ఒకటుంది. ఆహారానికి సుమారు 42 నుంచి 48 డిగ్రీలకు మించి వేడి తగలకూడదు. ఈ గీత గీసుకుంటే మనం పచ్చివనుకునేవి చాలా జారిపోతాయి. బెల్లం మరిగి వచ్చిందే. అటుకులకు దంచకముందే ఉడుకు తగులుతుంది. 'పచ్చి' అని అమ్మే జీడిపప్పు కూడా పచ్చిది కాదు. గింజ పెంకులోని నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది కాబట్టి పలాసలోనైనా, ఎక్కడైనా గింజను కాల్చడమో ఆవిరి పట్టడమో చేశాకే పెంకు కొడతారు. మా వదిన ఆ గీతను పట్టుకుని కూర్చోలేదు. అలా కూర్చోకపోవడమే మంచిదయింది.

రాజమండ్రిలో రాజుకున్న ప్రయోగం

ఈ సంగతి ఫోన్లతో వచ్చిందనుకుంటే పొరపాటు. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే రాసిన వైద్య గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ తెలుగులోకి తెచ్చింది 1894లో. మన దేశంలో ప్రకృతి వైద్యం చరిత్ర చెప్పేవాళ్లు ఆ తెలుగు పుస్తకం దగ్గరే మొదలుపెడతారు. అక్కణ్నుంచి తొట్టి స్నానాలు, మట్టి పట్టీలు, పండ్ల ఉపవాసాలు మన ఊళ్లకు చేరాయి. భీమవరం ప్రకృతి ఆశ్రమం పేరు గోదావరి జిల్లాల్లో తెలియని ఇల్లు తక్కువ. ఈ తరానికి ఆ మాటను టీవీ ద్వారా ఇంటింటికీ చేర్చినవారు డాక్టర్ మంతెన సత్యనారాయణ రాజు. ఉప్పు లేని కూర, పొద్దున్నే కూరగాయల రసం, మొలకలు అనగానే మనవాళ్లకు ఆయనే గుర్తొస్తారు.

అయితే ఈ కథలో నన్ను బాగా పట్టుకున్న ఘట్టం 1929 నాటిది. ఆ ఏడు వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్ర దేశమంతా తిరిగారు. రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు ఆయనను కలిశారు. తొట్టి స్నానాల వంటివి మంచివేగానీ అవీ కృత్రిమమేననీ, రోగం పోవాలంటే తిండికి నిప్పు తగలనివ్వడమే మానాలనీ గోపాలరావు వాదన. గాంధీజీకి ఈ ఆలోచన కొత్తది కాదు. 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒంటరిగా ఉన్నప్పుడే పచ్చి తిండి ప్రయత్నించి, రెండు వారాలలోపే విరమించుకున్నారు. ముప్ఫై ఆరేళ్ల తరవాత గోదావరి ఒడ్డున ఆ కోరిక మళ్లీ లేచింది.

గాంధీజీ తన రోజు తిండిని తులాల్లో లెక్కగట్టి తన పత్రిక యంగ్ ఇండియాలో అచ్చేశారు. మొలకెత్తిన గోధుమలు ఎనిమిది తులాలు, అంటే సుమారు 93 గ్రాములు. ముద్దగా నూరిన బాదం ఎనిమిది తులాలు. దంచిన పచ్చి ఆకులు ఎనిమిది తులాలు. ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. వారంలో రెండు మూడు రోజులు గోధుమల బదులు మొలకెత్తిన శనగలు. సబర్మతిలో ఆశ్రమవాసులు కొందరు ఆయనతో కలిసి మొదలుపెట్టారు. ఒకరి తరవాత ఒకరు మానుకున్నారు. ఆగస్టులో గాంధీజీకే జిగట విరేచనాలు పట్టుకుని ప్రయోగం ఆగిపోయింది. ఆ సంగతినీ ఆయన దాచకుండా రాశారు.

ఆ పట్టికను వదినకు చదివి వినిపించాను. "తొందరపడ్డారు. మొదటి రోజునుంచే అన్నీ పచ్చివేనా? కడుపుకి చెప్పుకోవద్దూ?" అంది. ఆ మాట అనే హక్కు ఆమెకుంది.

మొదటి నెల

వదినకు యాభై రెండేళ్లు. పోయిన ఏడాది పరీక్షల్లో షుగరు అంచుకొచ్చిందని తేలింది. ఒక ఆదివారం సాయంత్రం ఏదో వీడియో చూసి, సోమవారం నుంచి తన పూటకు పొయ్యి వెలిగించడం మానేసింది. అన్నయ్యకు, అమ్మకు వండిపెట్టి తాను మాత్రం పచ్చి క్యాబేజీ, శనగ మొలకలు, పాలకూర రసం. నాలుగో రోజుకు కడుపు బిగిసిపోయింది. పదిహేను రోజులకు దవడలు నొప్పి. నెల తిరిగేసరికి నాలుగు కిలోలు తగ్గింది గానీ మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు.

డాక్టరు రక్తపరీక్ష చూసి, తిట్టకుండా, కాగితం మీద మూడు గీతలు గీశాడట. పొద్దున పచ్చివి. మధ్యాహ్నం వండినవి. రాత్రి సగం సగం. పాలు, పెరుగు మానొద్దన్నాడు. మొక్కల నుంచి వచ్చే తిండిలో బి12 విటమిను నమ్మదగ్గంత దొరకదు. అది పాలు, గుడ్డు, చేప, మాంసం దారిలో రావాలి, లేకపోతే బిళ్ల వేసుకోవాలి. షుగరుకు బిళ్లలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా అన్నం మానేసి ఆకులకు మారితే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చనీ, అందుకే ముందు తన దగ్గరికి వచ్చి మొదలుపెట్టాల్సిందనీ చెప్పాడు.

అప్పటి నుంచి వదిన మారింది. తిండిని మానుకోవడం ఆపి, తిండిని వెతుక్కోవడం మొదలుపెట్టింది.

తెలిసిన దినుసుకే కొత్త పరిచయం

పచ్చి తిండి అంటే ముందుగా గుర్తొచ్చేది బజారు. వదిన కూడా మొదట అవే కొంది. చియా గింజలు, అవకాడో, జుకినీ, అరచేతిలో పట్టే డబ్బాలో కేల్ ఆకు. ఇప్పుడు వాటిలో ఆ ఇంట్లో మిగిలింది చియా ఒక్కటే. అదీ సగం సీసా. అవి చెడ్డవి కావు. అవకాడోలోని కొవ్వు మంచిదే. కానీ అవి తెచ్చుకున్న పది రోజులూ ఆమెకు తిండి పరాయిగానే ఉంది. ఒకరోజు అమ్మకోసం కొబ్బరి మామిడికాయ పచ్చడి రుబ్బుతూ, పోపు వేయబోయి ఆగింది. కొబ్బరి పచ్చిది. మామిడికాయ పచ్చిది. పచ్చిమిరపకాయ, కొత్తిమీర, ఉప్పు. పోపు తప్ప దీనికి నిప్పే తగల్లేదు కదా అనుకుంది.

అక్కడ తలుపు తెరుచుకుంది. శ్రీరామనవమి వడపప్పు నిప్పు ఎరగదు. నానబెట్టిన పెసరపప్పులో మామిడి తురుము, కొబ్బరి కలిపితే అదే ఒక పూట. ఉగాది పచ్చడి పొయ్యెక్కదు. నాగులచవితి నాడు పుట్ట దగ్గర పెట్టే చలిమిడి, చిమ్మిలి నానబియ్యం పిండీ నువ్వులూ బెల్లంతోనే అయిపోతాయి. ఆ రోజు చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించరు కూడా. దోసకాయ ముక్కల పచ్చడిలో ముక్క ఉడికితే అసలు రుచే పోతుంది. తెలంగాణ పచ్చిపులుసు సంగతి పేరులోనే ఉంది. చింతపండు రసంలో ఉల్లిపాయ, మిర్చి, కొత్తిమీర నలిపి, నువ్వుల పొడి చల్లితే చాలు, పోపు మీ ఇష్టం. అనంతపురం వైపు వేరుశనగ పీకే రోజుల్లో చేలోనే మట్టి దులిపి పచ్చి కాయలు ఒలుచుకు తింటారు. వేసవిలో ముంజలు, చలికాలంలో టెంక పగలగొట్టి తీసిన బుర్రగుంజు, సంక్రాంతికి రేగుపళ్లు, దారి పక్క ఈతపండ్లు. ఇవన్నీ తిని పెరిగిన నాలిక మనది. దానికి పచ్చిదనం కొత్త కాదు, మరిచిపోయిందంతే.

ఆ తరవాతే వదినకు అసలు కొత్తవి దొరికాయి. అంటే ఎన్నాళ్లుగానో తెలిసినవే, కొత్త రూపంలో. లంకల్లో పండే లేత సొరకాయను సన్నగా కోరి, పెరుగులో వేసి, నలిపిన ఉప్పు, జీలకర్ర కలిపింది. దోసకాయకంటే మెత్తగా, పాలలాంటి తీపితో ఉంది. రాచ ఉసిరికాయను పెద్దగా కోరి తేనెలో వేసింది. బీట్‌రూటు తురుముకు నిమ్మరసం, దంచిన పచ్చి వేరుశనగలు కలిపింది. అంతకుముందు తాను ఎన్నడూ ముట్టని ముల్లంగిని కాగితంలా తరిగి ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచితే, కారం నీళ్లలోకి దిగిపోయి కరకరలాడే ముక్క మిగిలింది. గుమ్మడికాయ కూరకు కోసినప్పుడు పారేసే గింజలను కడిగి ఎండబెట్టి ఒలుచుకుంది. మెంతులను మొలకెత్తిస్తే చేదు సగానికి దిగుతుందని తెలుసుకుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన పుదీనా కుండీలు ఇప్పుడు ఆమెకు పూలకుండీలకంటే ముఖ్యం.

నువ్వుల సంగతి వేరే చెప్పాలి. రాత్రి నానబెట్టి, పొద్దున రెండు ఖర్జూరాలతో మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో వడగడితే చిక్కటి తెల్లటి పాలు దిగాయి. కొసన ఒక చిరుచేదు. ఖర్జూరం తీపి నాలిక మీద నుంచి వెళ్లిపోయాక ఆ చేదు మిగిలి ఉంటుంది. నేను రెండు గ్లాసులు తాగాను. గుడ్డలో మిగిలిన పిప్పి మామిడి తురుములో కలిసిపోయింది.

> చియా, సబ్జా ఒకటి కావు
> రెండూ తులసి కుటుంబానివే, రెండూ నీళ్లలో ఉబ్బుతాయి. సబ్జా నిమిషాల్లో ఉబ్బి గింజ చుట్టూ తెల్లటి పొర కడుతుంది. చియాకు ఇరవై నిమిషాలైనా కావాలి. సబ్జా మన పాత వేసవి నేస్తం. చియా పుట్టిల్లు మెక్సికో వైపు. ఇప్పుడు కర్ణాటకలో పండుతోంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఆ సాగును మన రైతులకు పరిచయం చేసింది. ఒమేగా-3 కొవ్వు చియాలో ఎక్కువ. అదే కొవ్వు మన అవిసెగింజల్లోనూ దండిగా ఉంది, వెలా తక్కువ. అవిసెలను పొడి కొట్టుకోవాలి, లేకపోతే గింజ గింజలాగే బయటికి పోతుంది. సబ్జానైనా, చియానైనా నానబెట్టకుండా నోట్లో వేసుకుని నీళ్లు తాగొద్దు. నానాకే తినాలి.

మూట కట్టే చెయ్యి

మొలకల దగ్గర కాసేపు ఆగాలి. ఎండు పెసలలో సి విటమిను దాదాపు లేనట్టే. మొలక వస్తూ ఉండగా అది పుట్టుకొస్తుంది. గింజలో ఇనుమును, జింకును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం నానడంతో, మొలకెత్తడంతో తగ్గుతుంది. దాని మీద నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మన పెద్దలకు ఆమ్లాల పేర్లు తెలియకపోయినా గుగ్గిళ్ల మీద నిమ్మకాయ పిండేవాళ్లు.

కానీ మొలకకు పనికొచ్చే తడి, వెచ్చదనం క్రిములకూ పనికొస్తాయి. 2011లో జర్మనీలో మొలకల వల్ల పాకిన ఇ.కోలి జబ్బుతో నాలుగు వేల మంది దాకా మంచాన పడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. మొదట దోసకాయల్ని అనుమానించారు. చివరికి తేలింది మెంతి విత్తనాల మొలకలని. నలభై డిగ్రీల ఎండలుండే మన ఊళ్లో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

వదిన పద్ధతి ఇది. తినడానికి అమ్మే పెసలే కొంటుంది, విత్తనాల కొట్లో మందు పట్టించినవి కాదు. కాచి చల్లార్చిన నీళ్లలో ఎనిమిది గంటలు నానేస్తుంది. గుడ్డను ప్రతిసారీ మరిగే నీళ్లలో వేసి ఆరబెడుతుంది. మూటను గిన్నెలో మూతపెట్టి ఉంచదు, గాలికి వేలాడదీస్తుంది. మధ్యలో రెండుసార్లు మంచినీళ్లతో తడుపుతుంది. తోక అరంగుళం దాటకముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికి మిగలకుండా చూసుకుంటుంది. ఎండ బాగా ముదిరిన రోజుల్లో, ఇంటికి ఎవరైనా గర్భిణి వచ్చిన రోజుల్లో, అమ్మకు ఒంట్లో బాగోలేనప్పుడు ఆ మొలకలను ఆవిరి మీద బాగా ఉడికించే పెడుతుంది. "పంతానికి పోతే ఎవరికి నష్టం?" అంటుంది.

> వీటిని పచ్చిగా తినొద్దు
> చేదు సొరకాయ విషం. దానిలోని కుకుర్బిటాసిన్లు వాంతులు, రక్తస్రావం తెప్పిస్తాయి, విరుగుడు మందు లేదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఆ రసం తాగి చనిపోయారు. తరవాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు, ముక్క రుచి చూడకుండా రసం తీయొద్దనీ, చేదుంటే పారేయాలనీ చెప్పారు. వండినా ఆ చేదు పోదు. రాజ్మాలోని లెక్టిన్ నాలుగైదు పచ్చి గింజలతోనే వాంతులు పట్టిస్తుంది. మొలకెత్తించినా పోదు, బాగా మరగాల్సిందే. ముదురు చిక్కుడు గింజలూ అంతే. కంద, చామల్లో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గొంతు దురద పెడతాయి. కర్రపెండలం గడ్డలో సయనైడు పుట్టించే పదార్థాలున్నాయి. ఆకుపచ్చ తిరిగిన బంగాళాదుంపను వండుకోవడానికి కూడా వాడొద్దు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, తోటకూర రసాలకు దూరంగా ఉండాలి. రక్తాన్ని పలచబరిచే మందు వాడుతున్నవాళ్లు ఆకుల మోతాదు మార్చేముందు డాక్టరును అడగాలి.

ఒకసారి నాకూ దెబ్బ తగిలింది. వేరే ఊళ్లో ఒక పార్కు బయట రసం తాగాను. సొరకాయ, పుదీనా, అల్లం కలిపింది. చివరి గుక్కలో కాస్త చేదు అనిపించినా పుదీనా అనుకున్నాను. గంట తిరక్కుండానే కడుపు మెలిపెట్టి రాత్రంతా వాంతులు. ఆస్పత్రిలో సెలైను ఎక్కించాల్సి వచ్చింది. అందులో కలిసిన అల్లం, పుదీనా చేదును కప్పేశాయి. సొర రసాన్ని మరో రసంతో కలపొద్దని నిపుణులు ఎందుకన్నారో ఆ రాత్రి నాకు అర్థమయింది. అందుకే వదిన గోరంత ముక్కను నాలిక మీద పెట్టుకునే ఆ క్షణం నాకు అంత ముఖ్యం.

నిప్పు చేసిన మేలు

పొయ్యిని పూర్తిగా ఆర్పేయమనేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. మనిషి ఒళ్లు నిప్పుతో కలిసి పెరిగింది. హార్వర్డ్ మానవశాస్త్రవేత్త రిచర్డ్ ర్యాంగమ్ 2009లో ఈ వాదనతోనే ఒక పుస్తకం రాశారు. చింపాంజీలు రోజులో ఆరు గంటల దాకా నములుతూనే గడుపుతాయి. ఉడికిన తిండి మనకు ఆ గంటల్ని మిగిల్చింది, మన దవడలు, పేగులు చిన్నవయ్యాయి అంటారాయన. వదిన దవడ నొప్పికి ఇంతకంటే సూటి వివరణ నాకు కనిపించలేదు.

వేడికి సి విటమిను పోతుంది, నిజమే. ఉడికించిన నీళ్లు పారబోస్తే ఇంకా పోతుంది. కానీ టమాటాలోని లైకోపీన్ ఉడికాకే ఒంటికి బాగా అందుతుంది. క్యారెట్‌లోని కెరోటిన్‌కు కాస్త వేడి, ఒక చెంచా నూనె తోడుండాలి. పచ్చి క్యాబేజీ థైరాయిడ్ ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టే గుణాన్ని ఉడికినప్పుడు చాలావరకు వదులుకుంటుంది. ఏది పచ్చిగా మేలు, ఏది ఉడికితే మేలు అన్నది దినుసును బట్టి ఉంటుంది. సిద్ధాంతాన్ని బట్టి కాదు.

ఏళ్ల తరబడి పచ్చిగానే తిన్నవాళ్ల సంగతి జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1999లో వెలువరించారు. 500 మందికి పైగా స్త్రీ పురుషుల్ని అడిగి చూశారు. తిండిలో పచ్చి వాటా పెరిగిన కొద్దీ బరువు బాగా తగ్గింది. నలభై ఐదేళ్లలోపు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి నెలసరి క్రమం తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో జరిగింది. ఆ అంకె చదివి నేను చాలాసేపు కదలలేదు. మన రాష్ట్రాల్లో రక్తహీనత ఆడపిల్లల్లో ఎంతగా ఉందో ఊళ్లో ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒక వీడియో చూసి మూడు పూటలూ దోసకాయ ముక్కలు తింటుంటే, ఆ ఇంట్లో పెద్దవాళ్లు సన్నబడుతోందని మురిసిపోకూడదు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పళ్లూడిన ముసలివాళ్లకు పూర్తి పచ్చి తిండి పెట్టడం తప్పు. ఈ మాట నేను మెత్తగా చెప్పదలచుకోలేదు.

ఒక పూటతో మొదలు

మరి ఎలా మారాలి? వదిన ఎనిమిది నెలల అనుభవంలో నాకు పనికొచ్చినవి రెండు మూడే. డాక్టరు మాట విన్నాక మొదటి వారాల్లో, ఉన్న కంచంలోంచి ఏదీ తీసేయకుండా, అన్నం కలుపుకునే ముందు ఒక గిన్నె పచ్చి కూరముక్కలు తినడం. పదిహేను రోజులకు అన్నం దానంతట అదే తగ్గింది. వారానికి ఒక్క కొత్త దినుసు మాత్రమే, అదీ కొంచెంగా. కడుపు ఏమంటుందో వినడానికి అప్పుడు వీలవుతుంది, ఏది పడిందో ఏది పడలేదో తెలుస్తుంది. శనగలు ఆమెకు పడవని, పెసలు పడతాయని అలాగే తెలిసింది. మూడోది కడగడం. రైతు బజారు నుంచి తెచ్చిన ఆకును కట్టగా ముంచి తీయకుండా, కట్ట విప్పి, రెమ్మ రెమ్మ ధారగా పడే నీళ్ల కింద కడుగుతుంది. క్యాబేజీ పై ఆకులు మూడు నాలుగు తీసేస్తుంది. ఉడికించే కూరకు నిప్పే కాపలా. పచ్చి కూరకు మన చేతులే కాపలా.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో అవకాడోలతో, డబ్బా ఆకులతో ఆమె సరుకుల పద్దు దాదాపు రెట్టింపయింది. ఇప్పుడు పెసలు, సొరకాయలు, నువ్వులు, వేరుశనగలు, కాలానికి దొరికే పండుతో మునుపటి పద్దుకే వచ్చి ఆగింది. షుగరు అంచు నుంచి కాస్త వెనక్కి జరిగిందని ఈమధ్య పరీక్షలో తేలింది. ఆమె దాన్ని పచ్చి తిండి ఖాతాలోనే వేయడం లేదు. సాయంత్రాలు గోదావరి గట్టున నడక కూడా మొదలుపెట్టింది మరి.

నేను బయల్దేరే రోజు మధ్యాహ్నం అమ్మ మొలకల వైపు చూస్తూ కూర్చుంది. నమలడానికి పళ్లు లేవు. వదిన ఒక గుప్పెడు మొలకల్ని ఆవిరి మీద ఉడికించి, నాలుగు పచ్చి కొబ్బరి ముక్కలు, సగం మామిడికాయ, ఒక పచ్చిమిరపకాయ వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చింది. అమ్మ వేలితో కొంచెం తీసి నాకి, కళ్లు మూసుకుని, "పుల్లగా బాగుందే... కాస్త పోపు పడితేనా అమ్మాయ్?" అంది.

వదిన నా వైపు చూసి నవ్వింది. పొయ్యి వెలిగించింది. చెంచాడు నూనెలో ఆవాలు చిటపటలాడాయి, ఇంగువ వాసన హాల్లోకి వచ్చింది. అమ్మ వేడన్నం మీద ఆ పచ్చడి వేసుకుని కలపడం మొదలుపెట్టింది.